కథకుడు మాఱిన దళము నిలుచునా?

పెండ్లియింట మంగళస్నానముల వేళ ఎవరో యొక పెద్దమ్మగారు పాట యెత్తుకొందురు. తక్కిన స్త్రీలు వెనుకనుండి అందుకొందురు. ఆమె యున్నన్నాళ్లు ఆ పాట ఊరిదని యందఱును అనుకొందురు. ఆమె పోయిన పిమ్మట వచ్చిన పెండ్లిలోగాని ఆ పాట ఊరిదో, ఆమెదో తేలదు. ఎత్తుకొనువారు లేక ఒకరి మొగ మొకరు చూచుకొని, తుదకు సన్నాయివారికి సైగచేసి యూరకుండిన యిండ్లను మే మెఱుగుదుము. ఎవరును అడుగకయే వెనుకవరుసలోని చిన్నకోడలు గొంతు సవరించుకొని యెత్తుకొనగా పాట సాగిపోయిన యిండ్లనుగూడ ఎఱుగుదుము. సోదరీమణులకు ఇది చిన్నసంగతిగా తోచవచ్చును. గొంతు నమ్ముకొని బ్రతుకు కుటుంబములకు మాత్రము ఇది కూటిప్రశ్న.

గత మహాశివరాత్రికి మేము అమరావతి వెళ్లి, కృష్ణలో స్నానముచేసి, అమరేశ్వరుని సేవించుకొని, సాయంకాలమునకు తాడికొండ చేరువను మా అన్నగారుండు గ్రామమునకు బోయితిమి. దారి పొడవునను కళ్లములలో మిరపకాయ ఆరబోసియుండెను. ఆ ఘాటునకు కారులోని పిల్లలు ఊరు చేరువఱకు తుమ్ముచునే యుండిరి. పత్తిచేలలో కడపటి తీతలు జరుగుచుండెను. పంటసొమ్ము కంటబడు ఈ నెలలలోనే మా ప్రాంతమున కథలకును నాటకములకును గిరాకి. ఆ రాత్రి జాగరణమునకు రామమందిరము ముందఱ బుర్రకథ యేర్పాటు చేసియుండిరి.

దళము వేదిక యెక్కినంతనే ఆడువారి చాపలలో గుసగుసలు పుట్టెను. నడుమ తంబుర భుజమున వేసికొని నిలిచినది స్త్రీ. ఏడెనిమిదేండ్లుగా ఆ యూరికి ఏటేట వచ్చుచుండిన కథకుడు వేదిక ప్రక్కను, కండువా మెడకు చుట్టుకొని, కుర్చీలో కూర్చుండియుండెను. ఆయన కంఠమున వ్యాధి పుట్టినదనియు, ఇక గొంతెత్తరాదని వైద్యులు చెప్పిరనియు, ఆమె ఆయన తమ్ముని భార్యయనియు, పండ్రెండేండ్లుగా ఆయన ప్రక్కను గుమ్మెట వాయించి హాస్యము చెప్పినదనియు మా వదినగారు చెవిలో చెప్పిరి. ఆమె వదలిన తావున వేఱొక దళమునుండి ఆ రాత్రికి అడిగి తెచ్చుకొన్న వంత యుండెను. మా ముందు కూర్చుండిన ముసలమ్మ యొకతె వేదికవంక చూచి, "నాజరు కత యిన్న చెవులమ్మా యియ్యి. ఈ పిల్ల యేం జెప్పిద్దో యేమో" అని పెదవి విఱిచెను.

మా అన్నగారి కుమార్తె గుంటూరులో చదువుకొనుచున్నది. ఆ పిల్ల మావైపు వంగి, "అత్తయ్యా, లింకిన్ పార్కులోనూ ఇంతే. పాడేవాడు పోతే ఏడేళ్ల తరవాత ఒకమ్మాయిని తెచ్చుకున్నారు" అనెను. ఆ పేరు మాకు క్రొత్త. "రేపు చెప్పుదువుగానిలే" అని మే మూరకుంటిమి. ఇంతలో గజ్జెలు మ్రోగినవి.

బుర్రకథ యెన్నడును చూడనివారికొఱకు దాని కట్టుబడి కొంచెము చెప్పవలయును. దళమనగా మువ్వురు. నడుమ నుండువాడు కథకుడు. తలపాగ, నిలువుటంగీ, కాళ్లకు గజ్జెలు, భుజమున తంబుర, చేత అందెలు. పాటయు, మాటయు, ఆటయు ఆయనదే. ఇరుప్రక్కలను గుమ్మెటలు వాయించువారు వంతలు. వారిలో నొకరు హాస్యము చెప్పుదురు. ఒకరు కథలోని ధర్మాధర్మములను ఈనాటి లోకవ్యవహారములతో ముడివేసి చెప్పుదురు, దీనినే రాజకీయమందురు. కథకుడు చరణము ముగింపగానే వంతలు 'తందాన' యని అందుకొందురు. వినువారి దృష్టి యంతయు నడుమనున్నవానిమీదనే. ఊరివారు బేరమాడునప్పుడును దళమేది యని యడుగరు, కథ యెవరు చెప్పుదురని యడుగుదురు. వచ్చిన సొమ్ములో సామాన్యముగా ఆయన పాలే పెద్దది. ఆయనకు జ్వరము వచ్చినచో మూడిండ్ల పొయ్యిలు చల్లారును.

కాని వంత పని చిన్నపని కాదు. కథకుడు ఊపిరి తీసికొను సందులో కథ జాఱిపోకుండ పట్టుకొనవలసినవాడు వంత. జనము కునుకు తీయుచున్నారని మొదట కనిపెట్టువాడును వంతయే. ఒక చతురోక్తి విసరి లేపును. ఇదంతయు చేయవలెనన్న కథ యావత్తును అతనికి కంఠస్థము కావలయును. పండ్రెండేండ్లు వంతగా నున్నవాడు పండ్రెండేండ్లు కథ విన్నవాడు మాత్రమే కాడు. పండ్రెండేండ్లు కథను చెప్పనిచ్చినవాడు. ఈ సంగతి మనస్సున నుంచుకొనుడు, ముందు మఱల కావలసివచ్చును.

ముసలమ్మ తలచుకొన్న నాజరుగారి యూరు పొన్నెకల్లు. మేము కూర్చుండిన చోటునకు కొన్నిమైళ్ల దూరమే. షేక్ నాజరుగారు 1920 ఫిబ్రవరి 5వ తేదీన అచట పుట్టిరి. వారిది దూది యేకు వృత్తివారి కులము. తమ జీవితకథకు 'పింజారి' యనియే పేరు పెట్టుకొనిరి. పత్తి పండు నేలకు తగిన పేరు! జంగముకథగా ఊరూర దిరుగుచుండిన కళ 1940 దశకమున ప్రజానాట్యమండలి వారి చేతులలో క్రొత్త బుర్రకథ యైనప్పుడు దానికి ప్రాణము పోసినవారిలో వీరు ప్రముఖులు. పల్నాటియుద్ధము, బొబ్బిలియుద్ధము, అల్లూరి సీతారామరాజు కథ వీరి నోట వినినవారు వేఱొకరి నోట వినుటకు నేటికిని మొగమాటపడుదురు. 1986లో భారతప్రభుత్వము పద్మశ్రీ యిచ్చి గౌరవించెను. 1997 ఫిబ్రవరి 22న కాలధర్మము నొందిరి.

వారితోడనే బుర్రకథయు పోవునని యనుకొన్నవారు లేకపోలేదు. పోలేదు. ఏలయనగా, నాజరుగారు తమ విద్యను పెట్టెలో పెట్టి తాళము వేసికొనలేదు. వచ్చినవారికెల్ల నేర్పిరి. అంతేకాక, ఆ కళ మొదటినుండియు ఒక్కరి చుట్టును కట్టినది కాదు. ఆ తొలి దినములలోనే మోటూరి ఉదయముగారు స్త్రీల దళమునకు కథకురాలై, తంబుర పట్టి వేలమంది యెదుట నిలిచిరి. స్త్రీ రంగస్థల మెక్కిన ఇంటిపరువు పోవునని పెద్దలు తలుపులు మూసికొన్న కాలమది. ఆ తంబుర పట్టుటకు ఎంత గుండె కావలసెనో మన పాఠకురాండ్రకు చెప్పనక్కఱలేదు. కనుక ఆ రాత్రి వేదికమీద స్త్రీ నిలుచుట మా ప్రాంతమునకు నిజముగ క్రొత్తకాదు. ముసలమ్మ మఱచిపోయినది, మనమును మఱచిపోవుదుము.

నాటకరంగమున ఈ మార్పు ఎంత విచిత్రముగా జరుగునో తెలిసికొనుటకు బాపట్ల వఱకు బోయిన చాలును. 1902లో అచట పుట్టిన స్థానం నరసింహారావుగారు యౌవనారంభమున నాటకములు చూచుచు, పాటలు పాడుకొనుచు నుండిరి. ఒకనాడు హరిశ్చంద్ర నాటకమునకు అంతయు సిద్ధమైనది గాని, చంద్రమతి వేషధారి రాలేదు. ఆ వేషము నేను వేసెదనని వీరు ముందుకు వచ్చిరి. ఆ రాత్రి రానివా డెవడో నేడు సామాన్యముగా ఎవరికిని తెలియదు. వచ్చినవారు తెనుగు రంగస్థలమునకే పేరు తెచ్చిరి. తెనాలి రామవిలాససభవారి నాటకములలో సత్యభామ, చిత్రాంగి, దేవదేవి, రోషనార, మధురవాణి వేషములు వారివే. చీర కట్టుటయు, జడ సవరించుకొనుటయు వారిని చూచి నేర్చుకొన్న యింటియాడువారు కలరని మా పెద్దలు చెప్పుచుండిరి. మగవానివలన మనము ఒయ్యారము నేర్చుకొంటిమన్నమాట! 1956లో వారికి పద్మశ్రీ వచ్చెను.

1971లో స్థానంవారు గతించిరి. అంతకు చాలముందే వారి సత్యభామను ఎవరు వేయగలరను ప్రశ్న పుట్టియుండెను. వారి నడకయు, వారి పలుకు విఱుపును అనుకరించి వేసినవారు ఉండిరి. వారిని చూచినప్పుడెల్ల జనమునకు స్థానంవారే జ్ఞప్తికి వచ్చుచుండిరి. అనుకరించువానికి వచ్చు చిక్కు ఇదియే. అతడు ఎంత బాగుగ చేసిన నంతగ పోయినవారిని తలపించును. సత్యభామకు క్రొత్తప్రాణము మఱియొక దారిని వచ్చెను. 1935నాటి శ్రీకృష్ణతులాభారము చలనచిత్రమున ఋష్యేంద్రమణిగారు, 1966నాటి చిత్రమున జమునగారు ఆ వేషము ధరించిరి; జమునగారికి పాట పాడినవారు సుశీలగారు. స్త్రీ సత్యభామ స్త్రీ చేతికే వచ్చినది. అందులో స్థానంవారిని వెదకికొనుట ఎవరికిని తోచలేదు, ఏలయనగా వీరు వారివలె నుండుటకు ప్రయత్నింపలేదు.

మా పల్లెలలోని పద్యనాటకములు ఈ ప్రశ్నకు ఇంకను చమత్కారమైన సమాధానము కనిపెట్టినవి. శ్రీకృష్ణరాయబారము తెల్లవార్లు ఆడునప్పుడు కృష్ణుడు ఒక్కడే యుండడు. పడకసీనునకు ఒక కృష్ణుడు, రాయబారమునకు మఱియొక కృష్ణుడు. హరిశ్చంద్రలో వారణాసికి ఒకరు, కాటిసీనునకు ఒకరు. పట్నమువారు దీనిని చూచి నవ్వుదురు. పల్లెలోని ప్రేక్షకుడు నవ్వడు. కృష్ణుడు కృష్ణుడే, పద్యము పద్యమే. ఏ గొంతున ఏ పద్యము బాగుండునో ఆ గొంతున దానిని వినును, మెచ్చినచో మఱల పాడించుకొనును. ఇందులో మేము తఱచు గమనించు నొక విషయము గలదు. కృష్ణులు మాఱుదురు గాని హార్మనీ వాయించువాడు మాఱడు. ఏ కృష్ణునికి ఏ శ్రుతి కావలయునో, ఎవరు ఎక్కడ ఆలాపన లాగుదురో అతనికి తెలియును. రాత్రి పదిగంటలకు కూర్చుండిన మనిషి తెల్లవాఱి లేచును. కరతాళములు మాత్రము అతనికి రావు.

ఇల్లే దళమైనచో ఏమగునో సురభివారిని చూచి తెలిసికొనవచ్చును. కడపజిల్లాలోని సురభి గ్రామమున 1885లో కీచకవధతో మొదలైన నాటకకుటుంబము అది. వనారస గోవిందరావుగారు దానికి మూలపురుషులు. అంతకుముందు వారు తోలుబొమ్మలాడించు వంశమువారు. స్త్రీపాత్రలను స్త్రీలే ధరించుట వారి ఆచారము. అందు పుట్టిన శిశువు చంకనున్ననాడే రంగమెక్కును; నడక వచ్చిన కృష్ణుడగును, మాట వచ్చిన ప్రహ్లాదుడగును. వయసు వచ్చినప్పుడు నాయిక, నెరసినప్పుడు తల్లి. తల్లి వదలిన వేషము కూతురు కట్టును, అత్త వదలినది కోడలు కట్టును. కనుక వారికి ఒకరు పోవుట యనగా గడపలోపలి దుఃఖమే గాని, నాటకము ఆగుట కాదు. సురభి కమలాబాయిగారు చలనచిత్రములకు వెడలిపోయి 1932లో భక్తప్రహ్లాదలో లీలావతి యైరి. సురభి తెర దిగలేదు. పద్మశ్రీ పొందిన నాగేశ్వరరావుగారు, అనగా బాబ్జీగారు, 2022లో గతించిరి, అప్పుడును దిగలేదు. అయితే ఈ పద్ధతికి వెల లేకపోలేదు. అచట పుట్టిన యాడపిల్ల తనకు ఏది యిష్టమని యడుగువారు ఎందఱుందురు? మేము సురభి నాటకములను చూచి ఆనందించినప్పుడెల్ల ఈ చిన్న సందేహము మా మనస్సున మెదలుచునే యుండును.

చలనచిత్రముల గొంతు సంగతి యందఱు నెఱిగినదే కనుక క్లుప్తముగ చెప్పుదుము. 1974 ఫిబ్రవరి 11న ఘంటసాల వేంకటేశ్వరరావుగారు గతించునప్పటికి రామారావుగారికిని, నాగేశ్వరరావుగారికిని దాదాపు పాతికేండ్లుగా ఆయన గొంతే గొంతు. ఆయనను పోలిన కంఠము గల వి. రామకృష్ణగారు కొంతకాలము పాడి మన్ననలు పొందిరి. నిలిచి యేలినవారు బాలసుబ్రహ్మణ్యముగారు. ఆయన గొంతు ఘంటసాలగారిని పోలదు. పోలనందున మొదట విమర్శలు పడిరి, పోలనందుననే నిలిచిరి. రామారావుగారికి ఒకవిధముగ, నాగేశ్వరరావుగారికి మఱియొకవిధముగ గొంతు మార్చి, తెరమీది మనిషి మాటాడుచున్నట్లే పాడుట ఆయన పట్టిన దారి. సంప్రదాయసంగీతము గురుముఖమున నేర్వకయే 1980లో వచ్చిన శంకరాభరణమునకు పాడి జాతీయబహుమానము పొందిరి. 2020 సెప్టెంబరు 25న ఆయనయు పోయిరి. ఈమాఱు ఎవరు వత్తురని మన యిండ్లలో ఇంకను అడుగుకొనుచునే యున్నారు.

మఱునాడు ఉదయమున కాఫీ త్రాగుచు మా మేనకోడలిని ఆ లింకిన్ పార్కు సంగతి అడిగితిమి. పిల్ల ఉత్సాహముతో చెప్పుకొనిపోయెను. పాశ్చాత్యదేశములలో రాక్ బృందములని కలవు. ఒకరు ముందు నిలిచి పాడుదురు, తక్కినవారు గిటారులును డ్రమ్ములును వాయింతురు. నలుగురైదుగురు కలిసి పాటలు కట్టుకొని ఊరూర దిరుగుదురు. మన దళము వంటివే, ధ్వని మాత్రము మిక్కుటము. లింకిన్ పార్కు అమెరికాలోని యొక బృందము. వారి గాయకుడు చెస్టర్ బెనింగ్టన్ 2017లో మరణించెను. ఏడేండ్లు వేచి, 2024లో ఎమిలీ ఆర్మ్‌స్ట్రాంగ్ అను యువతిని నిలిపిరి. పోయినవానివంటి మగగొంతును వెదకినచో పోలికలతోనే కాలము గడచిపోయెడిది. స్థానంవారి సత్యభామ కథయే గదా యని మాకు తోచెను. ఐనను పాత అభిమానులలో కొందఱు ఆ యువతిని నేటికిని ఒప్పుకొనరట. ఒప్పుకొననివారిని తప్పుపట్టలేము, పోయినవానిపై ప్రేమ అది.

మేము అడిగినకొలది పిల్ల ఇంకను చెప్పెను, మేమును తరువాత కొంత చదివితిమి. ఆస్ట్రేలియాలో ఏ.సీ.డీ.సీ. యను బృందము కలదు. దాని గాయకుడు బాన్ స్కాట్ 1980 ఫిబ్రవరిలో ఆకస్మికముగ మరణించెను. ఆయన తొలిగాయకుడు కాడు, 1974లో వేఱొకని స్థానమున వచ్చినవాడే. ఆ బృందమునకు పాటలు కట్టువారు గిటారు వాయించు యంగ్ సోదరులు. వారు బ్రయన్ జాన్సన్ అను ఆంగ్లేయుని తెచ్చుకొని, ఆ జూలైలోనే క్రొత్త పాటలపళ్లెరము వెలువరించిరి. పోయినవాని సంతాపార్థము దాని అట్ట అంతయు నలుపు. మొదటిపాట గంట మ్రోతతో ఆరంభమగును. లోకమున అత్యధికముగ అమ్ముడుపోయిన వానిలో అది యొకటి. 2016లో ఆ జాన్సనునకు చెవులు దెబ్బతిని నిలువవలసివచ్చినప్పుడు ఇంకొకరు వచ్చి పాడిరి. 2020 నాటికి ఆయనయే తిరిగివచ్చెను. మా ప్రాంతపు కృష్ణులు వారికి నచ్చుదురని మే మనుకొనుచున్నాము.

ఇంగ్లండులోని క్వీన్ బృందపు గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ పార్సీ కుటుంబపు బిడ్డ, మన పంచగనిలో చదువుకొన్నవాడు. 1991 నవంబరులో అతడు పోయిన పిమ్మట తక్కినవారు ఇతరులను పిలిచి పాడించుకొన్నను, ఆ పేరుతోపాటు వచ్చినవాని పేరునుగూడ వేఱుగ చేర్చి ప్రకటించిరి. 2011 నుండి ఆడమ్ లాంబర్ట్ వారితో పాడుచున్నాడు. క్వీన్, దాని ప్రక్కను ఆడమ్ లాంబర్ట్ అనియే యుండును. వచ్చినవానిని పోయినవాని దుస్తులలో నిలుపరన్నమాట. మాకు ఈ పద్ధతి యెంతయు గౌరవముగ తోచెను.

అన్ని బృందములును నిలువవు సుమా. డోర్స్ అను అమెరికా బృందమున జిమ్ మారిసన్ 1971లో చనిపోయెను. మిగిలిన మువ్వురును తామే పాడుచు రెండు పళ్లెరములు తెచ్చిరి. 1973 నాటికి విడిపోయిరి. వాయించుటలో వారేమియు తక్కువవారు కారు. కాని పలువురు వినవచ్చినది ఆ మనిషిని, అతని పదములను, అతని ధోరణిని. పదము అతనిదే, గొంతు అతనిదే యైనప్పుడు మిగిలినవారి చేత మిగులున దేమి?

మా కన్నింటికంటె నచ్చినది జెనిసిస్ అను ఆంగ్లబృందపు కథ. 1975లో వారి గాయకుడు పీటర్ గేబ్రియల్ విడిచిపోయెను. క్రొత్తవానికొఱకు ఎందఱెందఱినో పిలిచి పాడించి చూచిరి. ఎవరును కుదురలేదు. తుదకు వెనుక డ్రమ్ములు వాయించుచుండిన ఫిల్ కాలిన్స్ ముందుకు వచ్చి పాడెను. 1976లో వెలువడిన వారి పాటలు ఆదరణ పొందినవి, బృందము మునుపటికంటెను పెద్దదయ్యెను. ఏండ్లతరబడి వెనుక కూర్చుండి తాళము వేసినవానికి ప్రతిపాటయు ఎక్కడ ఊపిరి తీయునో తెలియును. "అచ్చముగ రాత్రి మనము చూచినదే గదే" అని మేము మేనకోడలితో అంటిమి. గుమ్మెట వాయించినామెయే తంబుర పట్టినది.

ఇక ఆ రాత్రి సంగతి. కథ పల్నాటియుద్ధము. కారెంపూడి మాకు దూరముకాదు. బాలచంద్రుని పేరు వినని బిడ్డ ఆ చాపలమీద లేదు. మొదటి గంట కష్టముగనే గడచెను. పాత కథకుడు సింహమువలె గర్జించు ఘట్టమున ఆమె గొంతు పైస్థాయి నందుకొనలేక చీలినది. కుఱ్ఱవాండ్రు కొందఱు నవ్విరి. వేదిక ప్రక్కను కూర్చున్న ఆయన తలవంచుకొని కుర్చీచేతిమీద వ్రేలితో తాళము వేయుచుండెను. ఆమె ఆవంక చూడలేదు. మేము ఆ క్షణమున వేదికమీద ఒక కుటుంబపు ఏడాది గ్రాసము ఊగులాడుచున్నట్లు చూచితిమి. మాఘమునుండి వేసవి నడిమివఱకు వచ్చు కథలే వారికి సంవత్సరమంతటికి ఆధారము. ఈ యూరు వలదన్నచో ఆ మాట ప్రక్కయూరికి తెల్లవాఱులోపల చేరును.

మాంచాల ఘట్టము వచ్చెను. యుద్ధమునకు బోవు బాలచంద్రుడు భార్య దగ్గఱకు వచ్చుటయు, ఆమె అతని చేతికి కత్తి యిచ్చి పంపుటయు మీ రెఱిగినదే. పాత కథకుడు దీనిని వీరరసముగ పాడి త్వరగ దాటించుచుండెను. ఈమె దాటింపలేదు. గజ్జెల చప్పుడు ఆపివేసెను. తంబుర మీటు సన్నగిలెను. గొంతు తగ్గించి, ఇంటిలో పొయ్యివద్ద కూర్చుండి చెప్పుకొన్నట్లుగ, ఆ యిల్లాలు ఆ రాత్రి ఏమేమి తలచియుండునో చెప్పసాగెను. వీరుని కథలో వీరుడు కాసేపు వెలుపల నిలిచెను. ఎరువు తెచ్చుకొన్న వంత అలవాటు చొప్పున 'ఆహా' యనబోయి మానుకొనెను. మా ముందఱి ముసలమ్మ నోటిలోని వక్కపలుకు నమలుట ఆపినది. మేము నాజరుగారి కథను రెండుమాఱులు విన్నవారము, ఆ తూకము వేఱు. దానిని తక్కువ చేసి చెప్పుట లేదు. కాని ఆ యఱగంట మాకు మఱియెవరును జ్ఞప్తికి రాలేదు.

కథ ముగియునప్పటికి మూడుగంటలు దాటెను. హారతిపళ్లెరము ఆడువారి చాపలవైపు వచ్చినప్పుడు ముసలమ్మ కొంగుముడి విప్పి నోటు వేసి, "మళ్లీ యేడు బొబ్బిలి చెప్పమ్మాయ్" అనెను. చెల్లని నోటు వేసినట్లు మొగము పెట్టి యనెను గాని, అడుగనైతే అడిగినది.

తెల్లవాఱినపిమ్మట దళమువారు మా అన్నగారి యింటికి ఉపాహారమునకు వచ్చిరి. పాత కథకుడు వేడినీళ్లు మాత్రము త్రాగి, రాత్రి ఆమె తప్పిన రెండు తావులను సైగలతో చూపించెను. ఆమె తల యూపుచు ఇడ్డెనలు తినుచుండెను. మాంచాల ఘట్టమును ఆయన ప్రస్తావింపలేదు. మఱల అట్లే చెప్పుమనియు అనలేదు, వలదనియు అనలేదు. మేము ఆమెను మెచ్చుకొని, ఇక దళమునకు దిగులు లేదుగదా యని యడిగితిమి.

ఆమె నవ్వి, "కథ చెప్పటం వచ్చేసిందండీ. బావగారి పక్కన ఇన్నాళ్లు నేనున్నట్టు, నా పక్కన ఒకళ్లుండాలి. ఆ మనిషే దొరకటంలా" అనెను.

ఆ రాత్రికి తెచ్చుకొన్న వంత తన పాలు లెక్కపెట్టుకొని బస్సు వేళకు అప్పుడే వెడలిపోయియుండెను. కథకునికి ఒక కూతురు కలదట. ఇంటివద్ద గుమ్మెట నేర్చుకొనుచున్నదట. పదవతరగతి పరీక్షలు వచ్చునెలలో కలవనియు, అవి కాగానే యోచింతుమనియు, ముందు ఆ పిల్లను అడుగవలయుననియు ఆమె చెప్పెను. అంతలో ఆటో వచ్చినది. తంబుర గుడ్డసంచిలో చుట్టి ఒడిలో పెట్టుకొని, సాయంకాలము పొన్నూరువైపున మఱియొక కథ యున్నదని సెలవు తీసికొనిరి.